పదకొండు గంటల సముద్రం

ఉద్యోగం మానేసి ఏడాదిన్నర దాటింది. క్లాంగ్‌లో మూడో అంతస్తులో ఇల్లు, కిందే కాఫీ కొట్టు, చేతినిండా తీరిక. అయినా పొద్దున పదకొండు కావస్తోందంటే నాకు కాలు ఒకచోట నిలవదు. పేపరు మడిచి పక్కన పెడతాను. బాల్కనీలోకి వెళ్ళి ఆకాశం చూస్తాను. "వచ్చినాదా మీ శాటిలైటు?" అని మా ఆవిడ వంటింట్లోంచి వేళాకోళం చేస్తుంది. అది కంటికి కనపడదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ముప్పై ఏళ్ళకు పైగా ఉపగ్రహ చిత్రాలు చూడటమే నా పని. మలేషియా పడమటి తీరంలో బురద ఎక్కడ పేరుకుంటోంది, మడ అడవి ఎక్కడ పలచబడుతోంది, నేల ఎక్కడ కుంగుతోంది, ఇవి చెప్పినందుకు జీతం ఇచ్చారు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు, మీ అనుభవాలు రాసివ్వండి సార్ అని అడిగారు. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలో చెప్పను, చెప్పేలోపు అది పాతబడుతుంది. ప్రమోషన్ల గొడవ కూడా వద్దు. నేను చేసిన ఒక తప్పు చెబుతాను. దాని ఫలితం నేను అనుభవించలేదు, మా అప్ప అనుభవించింది. మావైపు అక్కను అప్ప అంటాం.

వాటర్‌గేటు మనిషి

మాది బాగన్ దాతుక్. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి కొబ్బరి ఎస్టేటుకు కూలికి వచ్చాడు. మా నాన్న అదే ఎస్టేటులో వాటర్‌గేటు చూసేవాడు. అక్కడి నేల సముద్రం కంటే పెద్ద ఎత్తేమీ కాదు. మట్టికట్ట ఒకటి సముద్రాన్ని ఆపుతుంది, కట్టకు అవతల మడ అడవి అలల జోరు తగ్గిస్తుంది. తోటలో నీళ్ళు బయటకు పోవడానికి కట్టలో గేటు ఉంటుంది. పోటు వచ్చే ముందు గేటు దించాలి, ఆటుకు ఎత్తాలి. దించడం ఆలస్యమైతే ఉప్పునీళ్ళు తోటలో పడతాయి.

గేటు దించాక నాన్న లోపలి కాలువలో వేలు ముంచి నాలుకకు రాసుకునేవాడు. ఉప్పు తగిలితే చెక్కల్లో ఎక్కడో సందు ఉన్నట్టు. అప్పుడు బంకమట్టి పట్టుకుని నడుంలోతు నీళ్ళలోకి దిగేవాడు.

అమావాస్యకూ పున్నానికీ వచ్చేది పెద్ద పోటు. దీపావళి అమావాస్య దగ్గర పడుతుంది కదా. ఎస్టేటు కూలీల లైన్ ఇళ్ళలో అందరూ తెల్లవారకముందే తలంట్లు పోసుకుని కొత్త బట్టలు కట్టుకునేవారు. మా ఇంట్లో మాత్రం నాన్న గేటు దగ్గర ఉండేవాడు. ఆయన తిరిగొస్తే గాని అమ్మ నూనె గిన్నె ముట్టనిచ్చేది కాదు. ఆయన వచ్చేసరికి పదకొండయ్యేది. పక్కింటి పిల్లలు మతాబులు కాల్చేసి రెండోసారి మురుకులు తింటుంటే నేనూ అప్పా పాత బట్టల్లో గుమ్మంలో కూర్చునేవాళ్ళం. నాకు ఏడుపొచ్చేది. అప్ప మాత్రం, "నాన్న నేకుండా ఏటి పండగ? ఊరుకో" అనేది.

ఈ సంగతి గుర్తుంచుకోండి. నేను మరిచిపోయాను.

ఆకుపచ్చ

నా మొదటి బాస్ డాక్టర్ లిమ్. చైనీస్ ఆవిడ, బక్కపలచని మనిషి, మాటలు తక్కువ. నేను చేరిన కొత్తలో బంటింగ్ దగ్గర తగలబడిన పీట్ నేల మీద ఒక నివేదిక రాశాను. పీట్ అంటే వేల ఏళ్ళుగా కుళ్ళీ కుళ్ళని ఆకులూ వేళ్ళూ పేరుకున్న నేల, తడి ఆరితే పొయ్యిలో పిడకలా రాజుకుంటుంది. చిత్రంలో ఆ చోటంతా మళ్ళీ పచ్చబడింది. నేల కోలుకుంది అని రాసేశాను. ఆవిడ చదివి, కారు తాళాలు తీసుకుని, పద అంది.

వెళ్ళి చూస్తే నిలువెత్తు పచ్చదనం. ఆవిడ నన్ను ముందు నడవమంది. పది అడుగులు వేశానో లేదో, మోకాలి దాకా బూడిదలోకి దిగబడ్డాను. పైన ఉన్నదంతా కాలిన చోట మొలిచే ఫెర్ను. కింద నేల చచ్చి ఉంది. ఒకసారి బాగా ఎండిన పీట్ వాన పడినా నీళ్ళు తాగదు, ముందున్నట్టు కాదు. ఆవిడ నా కాలు లాగడానికి చెయ్యి కూడా ఇవ్వలేదు. "పచ్చ అనేది రంగు. ఆరోగ్యం కాదు," అంది.

ఆ పాఠం నాకు వంటబట్టిందనే అనుకున్నాను. ఆవిడ రిటైరైపోయింది, నా కింద పదిమంది చేరారు, నేను ఊరికి వెళ్ళడం తగ్గించి తెర ముందు కూర్చోవడం పెంచాను.

గీత

తర్వాతి బాస్ ఎన్చిక్ రహీమ్, ఎన్చిక్ అంటే మలయ్‌లో 'గారు'. నవ్వుతూ ఉండే మనిషి, ఆఫీసు నడపడం తెలిసినవాడు. మా ఊరున్న పెరాక్ తీరం ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పమని పైనుంచి అడిగారు. నేను చాలా ఏళ్ళ చిత్రాలు ముందేసుకున్నాను. మా దేశంలో మబ్బు లేని చిత్రం దొరకడమే గగనం. దొరికిన వాటిలో శుభ్రమైనవి ఏరాను. ప్రతి చిత్రంలో మడ అడవి అంచు గుర్తించి, వాటిమీదుగా ఒక గీత గీశాను. అంచు ఏటేటా కొద్దికొద్దిగా వెనక్కి వస్తోంది, కట్టను తాకడానికి ఇంకా పదేళ్ళ పైనే పడుతుంది అని తేల్చాను.

"బాగుందిలా," అన్నాడు రహీమ్, ఇక్కడి అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలించి. "తిన్నటి గీతయితే ఎవరికైనా అర్థమవుతుంది."

ఇక్కడ నా అభిప్రాయం నిక్కచ్చిగా చెబుతాను. తిన్నటి గీత ఇష్టపడే బాస్ చెడ్డవాడు కాదు. అది అతనికి గీసిచ్చేవాడిదే తప్పు. భూమి మీద చాలా పనులు తిన్నగా జరగవు. ప్లాస్టిక్ కుర్చీలో వెనక్కి వాలి చూడండి. కొంతవరకు వాలినా ముందుకు వచ్చేస్తుంది. ఒక చోటు దాటాక ఇంకొక్క వేలెడు వాలినా, మీరు నేలమీద ఉంటారు. మడ అడవి వెడల్పుగా ఉన్నంతకాలం అలలు లోపలే చచ్చిపోతాయి. కొన్ని వరసలే మిగిలాక అల నేరుగా కట్టను కొడుతుంది, కట్ట కాలి కింద బురదను తోడేస్తుంది, ఆ బురద పోయేసరికి మిగిలిన చెట్లూ పడిపోతాయి. ఈలోగా కట్ట లోపల కాలువలు తీసి ఆరబెట్టిన నేల ఏటా కుంగుతూ ఉంటుంది. ఇవన్నీ పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణే. అయినా గీత తిన్నగా వచ్చింది కాబట్టి నమ్మాను.

ఆ ఏడు మా అప్ప ఫోన్ చేసింది. నాన్న ఎస్టేటు పని మానేశాక కట్టకు ఇవతల నాలుగెకరాలు సంపాదించి కొబ్బరి వేశాడు. ఆయన పోయాక అప్పే చూసుకుంటోంది. బావ కూడా లేడు, ఆ తోటే ఆమె బతుకు. చెట్లు ముసలివైపోయాయి, కాపు తగ్గింది.

"కొబ్బరి తీసేసి పామాయిల్ వెయ్యమని అందరూ సెప్తన్నారు తమ్ముడూ. నువ్వు సముద్రం సదువుకున్నోడివి. కట్ట ఆగుతాదా, సెప్పు. ఆగుతాదంటే ఏస్తాను, నేదంటే మానేస్తాను."

"పదేళ్ళకి పైన ఆగుతాది అప్పా. ఎయ్యి," అన్నాను. తడుముకోలేదు.

తలంటు

ఆ దీపావళికి ముందు మాలతి నా గదికి వచ్చింది. మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి, క్లాంగ్ పిల్లే. తండ్రి తెలుగు, తల్లి తమిళం. నేను తెలుగువాణ్ణని తెలిసిన దగ్గర్నుంచి నాతో పట్టుదలగా తెలుగులోనే మాట్లాడేది, సెలవును మలయ్‌లో చుతి అన్నా, అమ్మమ్మను తమిళంలో పాట్టి అన్నా.

"సార్, రెండు రోజులు చుతి కావాలి. మా పాట్టి నాలుగు గంటలకే లేపుతాది, నూనె పెట్టాలని. మీ ఇంట్లో కూడా అలా దానా?"

సెలవు చీటీ మీద సంతకం పెడుతూ, "మా ఇంట్లో తలంటు పదకొండింటికి," అన్నాను.

"ఎందుకు సార్ అంత లేటు?"

"మా నాన్న వాటర్‌గేటు దగ్గర ఉండేవాడు. అమావాస్యకి పెద్ద నీళ్ళు పొద్దున ఆరింటికి వస్తాయి. అవి దిగిపోయాక గాని..."

పెన్ను చేతిలోనే ఉండిపోయింది.

మీకు విడమరిచి చెబుతాను. నేను వాడిన ఉపగ్రహం ఎప్పుడు వచ్చినా మన పగలు పదకొండు ప్రాంతంలోనే వస్తుంది, దాన్ని అలాగే తిరిగేట్టు వదిలారు. మా తీరంలో పెద్ద పోటు ఎప్పుడు వచ్చినా పొద్దున ఆరింటికీ, సాయంత్రం ఆరింటికీ వస్తుంది. పదకొండింటికి పోటు ఉండే రోజులూ ఉన్నాయి గాని అవి సప్తమి అష్టమి రోజులు, అప్పటి పోటు చిన్నది. అంటే నా ఉపగ్రహం అన్నేళ్ళలో ఒక్కసారి కూడా పెద్ద నీళ్ళను చూడలేదు. అది చూసింది, నాన్న గేటు ఎత్తి ఇంటికొచ్చి తలంటుకు కూర్చునే వేళ సముద్రాన్ని.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. నా పెరట్లో ఉన్నది మా నాన్న. బడికెళ్ళని మనిషికి తెలిసిన వేళ, డాక్టరేటు చేసిన కొడుకుకు తట్టలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. మాలతి భయపడి, "సార్, చుతి వద్దులెండి," అంది. ఆ పిల్లను ఇంటికి పంపించి తలుపు వేసుకున్నాను.

ఇంకొక్క చిత్రం

పెద్ద నీళ్ళను చూసే ఉపగ్రహం లేకపోలేదు. రాడార్ ఉపగ్రహం ఒకటి పొద్దున ఆరు, సాయంత్రం ఆరు ప్రాంతంలో దాటుతుంది. మబ్బులు దానికి అడ్డం కావు. ఆ చిత్రాలు మా ఆఫీసులోనే మూలుగుతున్నాయి. ఉప్పూ మిరియాలూ చల్లినట్టు గరుకుగా ఉంటాయని నాకు చిరాకు, అందుకని పక్కన పడేశాను. అమావాస్యకూ పున్నానికీ దగ్గర పడ్డవి తీసి వరసగా పెట్టాను. చెట్ల మొదట్లో నీళ్ళు నిలిస్తే రాడార్‌లో ఆ చోటు మెరుస్తుంది. మా ఊరి కట్టకు ఇవతల మెరుపులు. మొదట ఒకటి, తర్వాత మూడు, తర్వాత ఒక చార. ముందెప్పుడో ఇవి నా కంటపడ్డాయి. అప్పుడు వాటిని నలుసులనుకుని తుడిచేశాను. పెద్ద పోటు వచ్చినప్పుడల్లా కట్ట కింద నుంచి నీళ్ళు ఊరుతున్నాయి.

రహీమ్ దగ్గరికి వెళ్ళి నా గీత తప్పని చెప్పాను. మొహం మాడ్చుకుంటాడనుకున్నాను. ఆయన కాసేపు చిత్రాలు చూసి, "ఒక పేజీ రాసివ్వు, ఇవాళే పంపుతాను," అన్నాడు.

"ఇప్పుడే కాదు. వచ్చే పున్నం చిత్రం కూడా చూసి, లెక్క సరిచూసుకుని రాస్తాను. మళ్ళీ తప్పు పోకూడదు."

"నీ ఇష్టంలా. నువ్వే కదా నిపుణుడివి."

నేను బాసుల మీద చాలా నేరాలు మోపాను ఈ ముప్పై ఏళ్ళలో. ఇది మాత్రం అచ్చంగా నాదే. జాగ్రత్త అని పేరు పెట్టుకున్నాను గాని, అది పరువు. ఒకసారి తప్పు చెప్పినవాడు రెండోసారి మాట్లాడేటప్పుడు వేలెత్తి చూపడానికి లేకుండా మాట్లాడాలనుకుంటాడు.

దీపావళి వెళ్ళిన శుక్రవారం అప్ప ఫోన్ చేసింది. నా ముందు తెర మీద రాడార్ చిత్రం తెరిచే ఉంది. ఆ చారకు పక్కనే ఆమె నాలుగెకరాలు.

"సోమారం మెషీను వస్తాదంట. సెట్లు కూలదోసేయమందునా? మొక్కలు కూడా తెచ్చినాను. నువ్వు సెప్పినట్టే సేస్తన్నాను మరి."

ముసలి కొబ్బరి చెట్టు కాస్త ఉప్పునీళ్ళకు తట్టుకుంటుంది. పామాయిల్ మొక్క తట్టుకోదు. ఇది నాకు తెలుసు. ఆగు అప్పా, నేను తప్పు చెప్పినాను, అంటే సరిపోయేది. మా ఇంట్లో చదువుకున్న మొదటివాణ్ణి నేను. నాకు ఆమె ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. ఇంకొక్క చిత్రం వచ్చాక నిదానంగా చెబుదాం, అప్పటిదాకా ఎందుకు కంగారుపెట్టడం అనుకున్నాను.

"ఊఁ," అన్నాను.

సోమవారం నాన్న కొబ్బరి చెట్లు పడిపోయాయి. పున్నం చిత్రం మబ్బుకు కాదు గాని, యంత్రంలో ఏదో లోపం వచ్చి అందలేదు. తర్వాతి పున్నానికి ఆగాను, అది వచ్చాక ఇంకొకటి కూడా చూద్దామనుకున్నాను. నివేదిక మాత్రం రోజూ నున్నగా తయారవుతోంది.

తైపూసం

తైపూసం తమిళుల పెద్ద గుడి పండగ, దీపావళి వెళ్ళిన మూడు నెలలకు అటూ ఇటూగా పున్నం నాడు వస్తుంది. ఆ ఏడు అప్ప మా ఇంటికి వచ్చింది. గుడికి వెళ్ళొచ్చి, సాయంత్రం హాల్లో కింద కూర్చుని మా ఆవిడతో మొక్కల గురించి చెబుతోంది. ఒక్కొక్కటి ఎంత ఎదిగిందో చేత్తో చూపిస్తోంది. నేను ఇంట్లో అటూ ఇటూ తిరుగుతున్నాను. గడియారంలో ఆరు దాటింది. మా ఆవిడ, "కూకోండి, తల తిరిగిపోతన్నాది," అని విసుక్కుంది.

ఆరున్నరకు ఫోన్ మోగింది. పక్కతోట ఆయన. అప్ప విన్నది, విని ఫోన్ నా చేతికిచ్చింది. "కట్ట తెగిపోనాదంట," అంది. ఊరంతా గుళ్ళకు పోయిన రోజు కాబట్టి మనుషులకు ఏమీ కాలేదు.

మర్నాడు కారులో వెళ్ళాం. దారిలో జనం, ఆలస్యమైంది. కట్ట దగ్గరికి చేరేసరికి పదకొండు. నీళ్ళు ఎప్పుడో దిగిపోయాయి. ఎండ కాస్తోంది, సముద్రం ఎక్కడో దూరంగా బురద అవతల పడుకుని ఉంది. మొక్కలన్నీ నిలబడే ఉన్నాయి, ఆకుపచ్చగా. ఆకుల మీద పలచటి బూడిదరంగు పొర తప్ప ఏమీ లేదు. నా ఉపగ్రహం ఆ క్షణాన దాటి ఉంటే, అంతా బాగుందనే చెప్పేది.

అప్ప కాలువ గట్టున గొంతుకూర్చుంది. వేలు ముంచి నాలుకకు రాసుకుంది. ఉమ్మేసింది.

అప్పుడు చెప్పాను. నించునే చెప్పాను, కూర్చోవడానికి ధైర్యం లేక.

"ఇది నాకు ముందే తెలుసు అప్పా. దీపావళి కాణ్ణించి."

ఆమె తలెత్తలేదు. "మెషీను రాకముందే?"

"ముందే."

"మరి సెప్పలేదేటి?"

"ఇంకొక్క చిత్రం సూసి సెబుదామని."

ఆమె కట్ట తెగిన చోటు వైపు చూసింది. "నాన్న ఇంకోపాలి సూసొచ్చి గేటు దించినాడేట్రా ఎప్పుడన్నా?"

ఆమె గొంతు పెంచలేదు. నేను జీవితంలో తిన్న చీవాట్లన్నీ కలిపినా ఆ ఒక్క మాటతో తూగవు. మూడు వారాల్లో మొక్కల కొసలు ఎండాయి, తర్వాత మొదళ్ళు మెత్తబడ్డాయి. పక్కతోటలో ముసలి కొబ్బరి చెట్లు ఆకులు వేలాడేసినా బతికాయి. అప్ప నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. నా తరఫున మా ఆవిడ వెళ్ళి వస్తుండేది.

నేను చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. తెగిన మర్నాడే ఒక పేజీ రాసిచ్చాను, రహీమ్ అదే రోజు పంపాడు. ఆ పేజీ చూసి ఇంకో రెండు చోట్ల కట్ట బలపరిచారు. దీపావళికే రాసి ఉంటే అదే పేజీ, ఒక్క మాట మారేది కాదు.

చివరగా

పాత నివేదిక నేనే వెనక్కి తీసుకున్నాను. అప్పటి నుంచి మా గదిలో ప్రతి చిత్రం మూలనా అది తీసిన వేళ, అప్పుడు పోటా ఆటా అన్నది రాయించాను. మాలతి ఇప్పుడు ఆ గదికి పెద్ద. ఆ రెండూ రాయని చిత్రాన్ని ఆ పిల్ల చూడను కూడా చూడదని విన్నాను. మీకు నేను చెప్పగలిగినవి ఇవే: మీ యంత్రం ఎప్పుడు చూడదో ముందు తెలుసుకోండి. నలుసును తుడిచేముందు ఒకసారి ఆ చోటికి వెళ్ళి నించోండి. సగం తెలిసినా, ఎవరి ఇల్లు కట్ట కింద ఉందో వాళ్ళకు ఆ సగమే చెప్పేయండి. మీ పరువు తర్వాత చూసుకోవచ్చు.

ఇలా రాసేస్తే మనసు కుదుటపడుతుందనుకున్నాను. పడలేదు.

అప్ప మళ్ళీ కొబ్బరే వేసింది. రెండేళ్ళ వానలకు నేలలో ఉప్పు కొంత కడుక్కుపోయాక వేసింది. "కాపుకొచ్చేసరికి నానుంటానో నేదో," అంటుంది గాని రోజూ వెళ్ళి చూస్తుంది. ఇప్పుడు ప్రతి అమావాస్యకూ పున్నానికీ ముందురోజే నేను ఊరికి వెళ్ళిపోతాను. తెల్లారేసరికి ఇద్దరం కట్ట మీద ఉంటాం.

మొన్న దీపావళికీ అంతే. ఊళ్ళో తలంట్లు అవుతున్నాయి, ఎక్కడో టపాకాయలు పేలుతున్నాయి. నీళ్ళు కట్ట అంచుకు జానెడు కింద దాకా వచ్చి ఆగాయి. అప్ప లోపలివైపు దిగి, కాలువలో వేలు ముంచి నాలుకకు రాసుకుని, పర్వాలేదన్నట్టు తలాడించి పైకి వచ్చింది. నేను అలవాటుగా ఆకాశం వైపు చూశాను.

"ఏటి, మీ శాటిలైటు ఇప్పుడు సూస్తన్నాదా?" అంది.

"ఇవాళ నేదప్పా. అది పదకొండింటికి వస్తాది."

ఆమె పమిటకొంగుతో చెయ్యి తుడుచుకుని నా పక్కనే కట్ట మీద కూర్చుంది.

"మరయితే నువ్వు సూడు."